డిజిటల్ ఖాళీ పక్షోత్సవం

వికారాబాద్ జిల్లాను దేశంలోనే తొలి స్టోరేజీ విముక్త జిల్లాగా తీర్చిదిద్దబోతున్నట్టు రాష్ట్ర డిజిటల్ శుభ్రతా సలహా సంఘం చైర్మన్ శివలింగప్ప గారు ప్రకటించగానే మీటింగు హాలు చప్పట్లతో మారుమోగింది. స్టోరేజీ నుంచి విముక్తి అంటే ఏమిటో తెలిసినవాళ్లు మామూలుగా కొట్టారు. తెలియనివాళ్లు గట్టిగా కొట్టారు.

"మన తాతలు మనకు భూములిచ్చిండ్రు. మన నాయనలు మనకు చదువులిచ్చిండ్రు. మనం మన పిల్లలకు ఖాళీ ఇద్దాం!" అన్నారు చైర్మన్ గారు.

యాలాల్ మండలం ఎర్రగుంటపల్లి పంచాయతీ కార్యదర్శి బాలస్వామి వెనక వరుసలో కూర్చుని ఈ మాటను సమోసా చుట్టి ఇచ్చిన కాగితం మీద రాసుకున్నాడు. అతను భక్తిపరుడు. పొద్దున్నే దీపం పెట్టి, అనంతగిరి ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకుని, ఆ తర్వాతే పైనుంచి వచ్చిన సర్క్యులర్లు చదివేవాడు. స్తోత్రంలోగానీ సర్క్యులర్‌లోగానీ అర్థం కానిది ఉంటే లోపం తనదేనని అతని నమ్మకం.

ఈ పథకం పుట్టుక కూడా సామాన్యమైనది కాదు. నెల కిందట తాండూరుకు ఒక మంత్రిగారు వచ్చి, ఎవరూ అడగకుండానే శివలింగప్ప గారి భుజం మీద చెయ్యి వేశారు. అనుచరుడు చంద్రకాంత్ వెంటనే ఫోన్ ఎత్తాడు. చోటు లేదు, ఫోటో తీయలేను అంది ఫోన్. చంద్రకాంత్ కంగారుగా ఏదో ఒకటి తీసేసి మళ్లీ ఎత్తేసరికి మంత్రిగారి చెయ్యి పక్కాయన భుజం మీదికి వెళ్లిపోయింది. ఇంకొకరైతే తన దురదృష్టానికి బాధపడి ఊరుకునేవారు. చైర్మన్ గారు ప్రజల గురించి ఆలోచించారు.

"నా అసువంటోనికే గిట్లైతే పేదోని గతేంది?" అన్నారట కారులో. పథకం ఆ కారులోనే పుట్టింది.

ప్రతి పంచాయతీకి సర్కారు ఇచ్చిన ట్యాబులో పక్షం రోజుల్లో ఎనిమిది జీబీల చోటు ఖాళీ చేయాలి. ఇదీ టార్గెట్టు. తాండూరు రైలెక్కి ఇంటికి వస్తున్నంతసేపూ బాలస్వామికి మనసు తేలిగ్గా ఉంది. దేవుడు తన మొర విని చైర్మన్ రూపంలో పలికాడనుకున్నాడు. ఆ మొర శాంతవ్వ కోసం.

శాంతవ్వకు సర్కారు ఇల్లు మంజూరైంది. ఉన్న మట్టి ఇల్లు పడగొట్టుకుని, పునాది వేసి, గోడలు లేపింది. ఇప్పుడు కార్యదర్శి వచ్చి ఆ గోడలను ట్యాబుతో ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. పెడితేనే స్లాబుకు బిల్లు వస్తుంది. వారం రోజులుగా ట్యాబు చోటు లేదంటోంది. శాంతవ్వ, కూతురు బుగ్గమ్మ, రెండు మేకలు గోడల పక్కనే నీలం రంగు తాడిపత్రి కింద ఉంటున్నారు. మృగశిర దగ్గర పడింది. కర్ణాటక వైపు నుంచి అప్పుడప్పుడు మబ్బులు తొంగిచూసి పోతున్నాయి.

మర్నాడు బాలస్వామి కనబడగానే శాంతవ్వ అందుకుంది.

"సెక్రెట్రీ సారూ, ఇయ్యాలన్న దిగుతవా నా గోడల ఫోటువ?"

"పదిహేను దినాలు ఓపిక పట్టవ్వా. పైనుంచి పెద్ద స్కీం వచ్చింది. ట్యాబు మొత్తం ఖాళీ అయితది."

"వాన నీ స్కీం చూసి ఆగుతదా కొడుకా?"

"చైర్మన్ సార్ సొంతంగా చూసుకుంటున్నడవ్వా."

"గాయన తాడిపత్రి కింద పండుకుంటుండా?"

బాలస్వామి చెవులు మూసుకున్నంత పని చేశాడు. పెద్దల గురించి అలాంటి మాట వినడం అతనికి అలవాటు లేదు.

ఆ సాయంత్రమే ట్యాబు ముందేసుకుని కూర్చున్నాడు. మూడేళ్లుగా అందులో చేరినవన్నీ బయటపడ్డాయి. పై అధికారులు రోజూ పొద్దున్నే పంపిన గులాబీ పూలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, మొక్క నాటుతున్న నాయకుడు, నాటిన నాయకుడు, నాటి చేతులు కడుక్కుంటున్న నాయకుడు. బాలస్వామి ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు. అనంతపద్మనాభస్వామి ఫోటో దగ్గర వేలు ఆగింది.

"దేవుణ్ని ఎట్ల తియ్యాలె?" అన్నాడు భార్య పద్మారాణితో.

"ట్యాబులకెళ్లి తీసేస్తే గుట్ట మీదికెళ్లి దిగిపోతడా? తియ్యుండ్రి. శాంతవ్వకు ఇల్లయితే ఆయనే సంతోషపడతడు."

లెంపలేసుకుని తీసేశాడు. అంతా అయ్యాక చూస్తే చోటు ఒక్క రవ్వ కూడా పెరగలేదు. తీసేసినవన్నీ ఎక్కడికీ పోలేదు. లోపలే ఉన్న చెత్తబుట్టలో చేరి, నెల రోజుల దాకా కదలమని కూర్చున్నాయి. ఆ బుట్టను కూడా ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది. దానికి ఒక మీట ఉంది. బాలస్వామి దేవుణ్ని తలచుకుని ఆ మీట మీద వేలు పెట్టబోతుండగా వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ దిగింది.

"తొలగించిన ఫైళ్లను నిజంగా తొలగించినదీ లేనిదీ తనిఖీ బృందం కళ్లారా చూడవలసి ఉన్నందున, తనిఖీ ముగియువరకు చెత్తబుట్టను ఖాళీ చేయరాదు. చేసినచో శాఖాపరమైన చర్యలు తీసుకోబడును."

మూడుసార్లు చదివాడు. ఇల్లు ఊడ్చి చెత్తను నడింట్లోనే పెట్టమన్నట్టుంది కదా అని ఒక చిన్న అనుమానం కలిగింది. అర్థం చేసుకునే తెలివి తనకు లేదనుకుని వేలు వెనక్కి తీసుకున్నాడు.

వారానికి తాండూరులో సమీక్ష జరిగింది. కోట్‌పల్లి మండలం నుంచి వచ్చిన కార్యదర్శి నర్సప్ప నలభై జీబీలు తొలగించి జిల్లాలో ఫస్టు వచ్చాడు. శాలువా కప్పారు. బాలస్వామి చాయ్ దగ్గర అతన్ని పట్టుకున్నాడు.

"అన్నా, మన ట్యాబులు ముప్పై రెండు జీబీలవే కదా. నలభై ఎట్ల తీసినవు?"

"సినిమాలు ఎక్కించిన, తీసిన. మళ్ల ఎక్కించిన, మళ్ల తీసిన."

"బుట్ట నిండలేదా?"

"నిండినప్పుడల్లా తనిఖీకి పిలిచిన. తనిఖీ సార్లకు గా సినిమాలు మస్తు నచ్చినయి. ఒగటి సగంల ఉన్నదని రెండు దినాలు మా ఆఫీసులనే కూసున్నరు."

"ఇంతకూ ఇప్పుడు నీ ట్యాబుల చోటు ఎంతున్నది?"

నర్సప్ప శాలువా సర్దుకున్నాడు. "టార్గెట్టు తియ్యుడే గాని బాలస్వామీ, ఉండుడు కాదు."

తర్వాత జిల్లా కోఆర్డినేటర్ పూజిత మేడం లేచి ఒక శుభవార్త చెప్పింది. చోటు ఖాళీ చేయడం ఎలా అన్న అంశంపై చైర్మన్ గారు స్వయంగా మాట్లాడిన గంటన్నర వీడియోను అందరూ ట్యాబుల్లోకి దించుకోవాలి. తప్పనిసరి.

బాలస్వామి చెయ్యెత్తాడు. "మేడం, నా ట్యాబుల చోటు లేదు."

"అందుకే కదా సార్ వీడియో."

"చోటుంటేనే కదా మేడం అది దిగేది?"

"చూస్తే ఎట్ల ఖాళీ చెయ్యాలో తెలుస్తది సార్. ఫస్ట్ దించుకోండి."

"చూసినంక తీసెయ్యొచ్చా?"

హాలంతా అతనివైపు తిరిగింది. పూజిత మేడం మెల్లగా కూర్చుంది. చైర్మన్ గారి వీడియోను తీసేయవచ్చా అని అడిగిన మొదటి ప్రభుత్వోద్యోగిగా బాలస్వామి పేరు ఆ క్షణంలోనే పైదాకా వెళ్లింది.

పైనుంచి పిలుపు వచ్చింది. సంజాయిషీ అడుగుతారనుకుని బాలస్వామి విభూతి పెట్టుకుని వెళ్లాడు. చైర్మన్ గారు మాత్రం చిరునవ్వు నవ్వారు.

"జిల్లాల ఒక్క జీబీ గూడ చోటు రానిది నీ ఊర్లనేనట గద?"

"మా ఊరికి తనిఖీ ఇంక రాలేదు సార్. రూల్ ప్రకారం బుట్ట ముట్టలేదు."

"గట్లుండాలె! చంద్రకాంత్, నిండిన బుట్ట మనకు దొరికింది. నా చేతుల మీదుగ ఖాళీ చేస్త. ప్రారంభోత్సవం పెట్టు."

బాలస్వామికి జన్మలో మొదటిసారి ఒక ఉపాయం తట్టింది. "సార్, ఖాళీ అయిన చోట మొదటి ఫోటో ఒక పేదరాలి ఇల్లు దిగితే మంచిగుంటది. మా శాంతవ్వ గోడలు తయారున్నయి."

చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. "పేదోళ్లకు జాగ! గిదే హెడ్డింగు. రాస్కో చంద్రకాంత్."

బాలస్వామి ఊరికొచ్చి చెబితే శాంతవ్వ నమ్మలేదు.

"మీ చైర్మను నా గోడలకాడికొస్తడా?"

"వస్తడవ్వా. వచ్చినంక ఏం అనకు. దండం పెట్టు, చాలు."

"ఫోటువ దిగినంక పెడత."

ఆ రోజు రానే వచ్చింది. ఎండ మాడుతోంది. చైర్మన్ గారికి ఎండ పడదని, తాండూరు నుంచి వచ్చిన టెంట్‌హౌస్ వలీ శాంతవ్వ నాలుగు గోడల మీదుగా పెద్ద షామియానా లాగి కట్టాడు. గోడల మధ్య కుర్చీలు వేశారు. కూలర్ పెట్టారు. శాంతవ్వ తన ఇంట్లో తనకొక కుర్చీ దొరుకుతుందేమోనని చూసి, దొరక్క, మేకల దగ్గర నిలబడింది.

ట్యాబుకు ఎర్ర రిబ్బను చుట్టారు. కొబ్బరికాయ కొట్టారు. చైర్మన్ గారు కత్తెరతో రిబ్బను కత్తిరించి, మీట నొక్కి, చెత్తబుట్టను జాతికి అంకితం చేస్తున్నానన్నారు. గులాబీ పూలు, ఫ్లెక్సీలు, మొక్కలు ఒక్క దెబ్బకు మాయమయ్యాయి. తెర మీద ఎనిమిది జీబీలు ఖాళీ అని పడింది. ఇంతకాలం కొన్ని ఫైళ్ల కింద ఇంత విశాలమైన చోటు నలిగిపోయిందా అని బాలస్వామి తెరకు దండం పెట్టాడు.

"సార్, ఇగ గోడల ఫోటో," అన్నాడు.

"తియ్యి," అని చైర్మన్ గారు గుమ్మంలో నిలబడ్డారు. పక్కన చంద్రకాంత్, ఆ పక్కన పూజిత మేడం. చైర్మన్ గారి మోచేతి సందులోంచి శాంతవ్వ ముఖం సగం కనిపించింది. బాలస్వామి నొక్కాడు. ఫోటో చూసి ఇంటి దశ ఏమిటో యాప్ తనంతట తానే తేలుస్తుంది. మనుషులైతే మొహమాటపడతారని అలా పెట్టారు. యాప్ క్షణం ఆలోచించి ఆకుపచ్చ టిక్కు పెట్టింది.

"గోడలు పూర్తి. పైకప్పు పూర్తి. ఇల్లు సంపూర్ణం. ఇక బిల్లులు లేవు. లబ్ధిదారుకు అభినందనలు."

చప్పట్లు మోగాయి. బాలస్వామి ట్యాబు ఎత్తి పట్టుకుని చైర్మన్ గారి ముందుకు ఉరికాడు.

"సార్! అది స్లాబు కాదు సార్. షామియానా!"

"యాప్ ఏమంటున్నది?"

"స్లాబంటున్నది సార్."

"నీకంటే మిషినుకే ఎక్వ తెలుసు. నేనొచ్చి గంట గాలె, ముసల్దాని ఇల్లు పూర్తయింది. సంతోషపడవేందయ్యా?"

పూజిత మేడం పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "సార్, ఆ ఫోటో డిలీట్ చేసి, షామియానా లేకుండ మళ్లీ తీస్తే సరిపోతది."

"ఏ ఫోటో డిలీట్?" అన్నారు చైర్మన్ గారు.

పూజిత మేడం వెనక్కి జరిగి కూలర్ గాలికి ముఖం పెట్టింది.

అంతలో చంద్రకాంత్, రికార్డు కోసమని ప్రారంభోత్సవం వీడియో మొత్తాన్ని ట్యాబులోకి ఎక్కించాడు. మళ్లీ చోటు లేదు అంది ట్యాబు. కార్లు దుమ్ము లేపుకుంటూ వికారాబాద్ దారి పట్టాయి. స్టోరేజీ విముక్త జిల్లా గురించి అక్కడ సాయంత్రం ప్రెస్‌మీట్ ఉంది.

కార్లు పోయాక మబ్బు పట్టింది. వలీ కుర్చీలన్నీ బండిలో వేసి, షామియానా విప్పడానికి వచ్చేసరికి శాంతవ్వ మంచం, పొయ్యి, మేకలు గోడల మధ్యకు వచ్చేసి ఉన్నాయి. బుగ్గమ్మ మూల కట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"జర జరుగవ్వా. రేపు ధారూర్ల షాదీ ఉన్నది, ఇప్పుకొని పోవాలె."

"ఎవర్నడిగి ఇప్పుతున్నవ్ నా స్లాబు?"

"గిది బట్ట అవ్వా!"

"గవర్మెంటు స్లాబంటున్నది, నువ్వు బట్టంటున్నవ్. నువ్వేమన్న గవర్మెంటుకంటే పెద్దోనివా?"

గాలి లేచింది. వాన మొదలైంది. వలీ, బాలస్వామి ఇద్దరూ లోపలికి దూరారు. అతుకు దగ్గర నుంచి ఒక చుక్క వచ్చి వలీ ముక్కు మీద పడింది.

"చూడుండ్రి సార్, కారుతున్నది! గిది స్లాబెట్లయితది?"

శాంతవ్వ చుక్క పడేచోట గిన్నె పెట్టింది. "కారకుంటే సర్కారుదెట్లయితదిరా?"

వలీ తాడు ముడి మీద చెయ్యి వేసి బాలస్వామి వైపు తిరిగాడు. "మీరే చెప్పుండ్రి సార్. మీరు ఆఫీసర్. ఇప్పాల్నా, వద్దా?"

బాలస్వామి తడిసిన ట్యాబును చొక్కాతో తుడిచాడు. తెర మీద చైర్మన్ గారు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు. గిన్నెలో రెండో చుక్క పడింది. మేక ఒకటి వచ్చి అతని కాళ్ల దగ్గర పొడి చోటు చూసుకుని పడుకుంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"పూర్తయిన సర్కారు ఇల్లు వలీ ఇది. కూలగొట్టేతందుకు ఆర్డర్ ఉన్నదా?"