సీసాల శుభ్రతా ఉపసంఘం

లిమరిక్ తెలుగు సమాజం అధ్యక్షులు శ్రీ మధుసూదనరావుగారు ఉగాది సభలో మైకు అందుకుని, ఐర్లండ్ గడ్డ మీద తొట్టతొలి తెలుగు బీరును సీసాల్లో నింపి త్వరలో ప్రపంచానికి అందించబోతున్నామని ప్రకటించారు. సభ దద్దరిల్లింది. వెనక వరుసలో పులిహోర తింటున్న వెంకట రమణ కూడా ఎడమ చేత్తో తొడ చరిచి తన వంతు హర్షం తెలియజేశాడు. ఈ ఊళ్లో తను కాక ఇంకో తెలుగువాడు కూడా ఇంట్లో బీరు చేసుకుంటున్నాడన్నమాట అని మనసులో సంతోషించాడు. "మన రమణగారి సహకారంతో" అన్న తర్వాతి ముక్క చెవిన పడ్డాక గానీ పులిహోర గొంతుకు అడ్డం పడలేదు.

రమణ మందుల పరికరాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజినీరు. వంటింటి వెనక ఉన్న యుటిలిటీ గదిలో, భార్య నీలిమ బియ్యం బస్తాను, ఆవకాయ జాడీలను పక్కకు నెట్టించి, కొన్నేళ్లుగా బీరు చేసుకుంటున్నాడు. కెగ్గులనే రెండు ఉక్కు పీపాలు, ఒక కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండరు, కెగ్గులోంచి బీరును సీసాలోకి దించే పొడుగాటి గొట్టం. దాన్ని ఫిల్లర్ అంటాడు. అందులో ఏ ముక్క ఎక్కడ విప్పాలో, ఏ వాషరు ఎంతసేపు నానబెట్టాలో అతనికి నిద్రలో అడిగినా తెలుసు. ఈ సంగతి ఇంటికొచ్చిన నలుగురైదుగురు స్నేహితులకు తప్ప బయట ఎవరికీ తెలియదనే అనుకున్నాడు. కాని నాయకుడికి ప్రజల ఇళ్లల్లో ఏముందో తెలియకపోతే ఎలా?

మధుసూదనరావుగారు బీరు ముట్టరు. ఆ మాట ఆయనే అన్నారు. "నేను ముట్టను. కాని ప్రజలు ముట్టేదాన్ని గౌరవించడం నాయకుడి ధర్మం," అని కూడా అన్నారు. అసలు ఉద్దేశం వేరే ఉంది. ఆ ప్రాంతానికి చాలాకాలంగా కౌన్సిలరుగా ఉన్న జెర్రీ వచ్చే ఎన్నికల్లో నిలబడటం లేదు. ఆ ఖాళీలో తను నిలబడాలని మధుసూదనరావుగారికి ప్రజల కోరిక వినిపించింది. జెర్రీ పబ్బు నడిపే కుటుంబంలో పుట్టినవాడు, బీరంటే ప్రాణం పెడతాడని ప్రతీతి. పైగా తనకు బాగా దగ్గరివాడని మధుసూదనరావుగారి నమ్మకం. పోయిన దీపావళికి జెర్రీ ఆయన భుజం తట్టి "గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో బస్సు డ్రైవరు దగ్గర్నుంచి జీపీ డాక్టరు దాకా ప్రతి ఒక్కరూ ప్రతిదానికీ గ్రాండ్ అంటారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పే స్వభావం ఉన్నవాళ్లు కార్యవర్గంలో లేరు.

వెంటనే కార్యవర్గం సమావేశమై, స్నేహ దినోత్సవం జరిపి అందులో తొలి సీసా జెర్రీకి సమర్పించాలని తీర్మానించింది. సీసాలు నింపే ఉపసంఘంలో చేరడానికి అందరూ ముందుకొచ్చారు. వాళ్ల ఉత్సాహం చూసి రమణకు భయం వేసింది. నింపడం పెద్ద పని కాదని, కడగడమే అసలు పని అని మెల్లగా మనవి చేశాడు. కెగ్గులో బీరు ఎంత బాగున్నా, గొట్టంలో పాత బీరు చుక్క ఒక్కటి ఎండి ఉంటే చాలు, సీసా పుల్లబడుతుంది. సీసాలు ముందుగా కడిగి, క్రిములను చంపే శానిటైజరుతో తడిపి, బోర్లించి, చల్లబరచాలి. నింపేముందు గ్యాసు వదిలి సీసాలోని గాలి తరిమేయాలి. అయిపోయాక ఫిల్లర్ మొత్తం విప్పి మళ్లీ కడగాలి.

మధుసూదనరావుగారు కళ్లు మూసుకుని విన్నారు. "చాలా లోతైన మాట. శుభ్రతకు విడిగా ఒక ఉపసంఘం వేద్దాం," అన్నారు.

శుభ్రతా ఉపసంఘానికి సాంస్కృతిక కార్యదర్శి గిరిజాకుమారిగారిని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆవిడది వరంగల్. నిర్మొహమాటంగా మాట్లాడతారు.

"సీసలు నేనే కడగాల్నా సార్?" అని అడిగారు.

"అధ్యక్షులు కడగరమ్మా. పర్యవేక్షిస్తారు."

"మరి కడిగేదెవరు?"

మధుసూదనరావుగారు చిరునవ్వుతో రమణ వైపు చూసి, అతన్ని ఉపసంఘానికి సాంకేతిక సలహాదారుగా నియమించారు. నియామకాన్ని అందరూ హర్షించారు. రమణ ఆ రాత్రి ఇంటికెళ్లి, తనకు పదవి వచ్చిందని నీలిమకు చెప్పాడు. పదవితో పాటు యుటిలిటీ గది ఖాళీ అవుతుందా అని నీలిమ అడిగింది.

శనివారం ఉదయం "సీసాల ప్రక్షాళన, తొలి నింపు" కార్యక్రమం రమణ ఇంట్లోనే జరిగింది. సలహాదారు వారమంతా ఆఫీసు నుంచి రాగానే సీసాలు కడిగి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో బారులు తీర్చి ఉంచాడు. ఫిల్లర్‌ను విడదీసి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాడు. మధుసూదనరావుగారు తెల్ల లాల్చీలో వచ్చారు. వెంట గిరిజాకుమారిగారు, ఫోన్ కెమెరాతో కార్యదర్శి సాయికృష్ణ ఉన్నారు. మధుసూదనరావుగారు ఒక సీసా తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ముఖంలో అసంతృప్తి కనబడింది.

"ఇవి కడిగేసి ఉన్నాయి."

"అవునండీ," అన్నాడు రమణ.

"అయితే నేనేం కడగాలి?"

 దీనికి సమాధానం సాయికృష్ణ దగ్గర ఉంది. అతను పెరట్లోకి వెళ్లి, నీలిమ కొత్తిమీర వేసుకున్న కుండీలోంచి గుప్పెడు మట్టి తెచ్చి, సీసాలకు లోపలా బయటా శ్రద్ధగా పట్టించాడు. మధుసూదనరావుగారు పసుపురంగు రబ్బరు తొడుగులు వేసుకుని సింకు ముందు నిలబడి, నిమ్మకాయ వాసన వచ్చే డిష్ లిక్విడ్ ధారగా పోశారు. సీసాలకు అది వాడకూడదని, దాని పొర లోపల మిగిలితే బీరు మీద నురగ నిలవదని రమణ చెప్పబోయాడు.

"బీరులో నురగ సంగతి మీరు చూసుకోండి రమణగారూ. ఫొటోలో నురగ నేను చూసుకుంటాను," అన్నారాయన.

పని విభజన ఇంత స్పష్టంగా చేయగలిగిన నాయకులు అరుదు. ఆ తర్వాత గిరిజాకుమారిగారు ఫిల్లర్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బీరు బయటికొచ్చే మూతిలో ఒక బంతిపువ్వు గుచ్చారు. హారతి ఇచ్చారు. రమణ పువ్వు తీసేసి, వీలైనంత తుడిచి, గొట్టాన్ని కెగ్గుకు తగిలించాడు. గ్యాసు బాగా తక్కువలో ఉంచాలని, బీరు సీసా అడుగు నుంచి మెల్లగా పైకి రావాలని విన్నవించాడు.

"ప్రజాసేవలో తక్కువ అనే మాట మనకు లేదు," అంటూ మధుసూదనరావుగారు మీట పూర్తిగా తిప్పేశారు.

మొదట ఒక బుసలాంటి చప్పుడు వచ్చింది. తర్వాత బీరు సీసాను ఏమాత్రం లెక్కచేయక గది కప్పును తాకి, అక్కణ్ణుంచి లాల్చీ మీదికి దిగింది.  మధుసూదనరావుగారి కనుబొమల మీంచి బీరు కారుతోంది. కొత్త ఇంట్లో పాలు పొంగినప్పుడు అనేట్టుగా గిరిజాకుమారిగారు, "పొంగింది సార్. శుభం," అన్నారు. వెంటనే అందరి ముఖాలు వికసించాయి. ఆ ఫొటో మధ్యాహ్నానికల్లా సమాజం ఫేస్‌బుక్ పేజీలో వచ్చింది. కింద "పొంగిపొరలిన తెలుగువారి ఆత్మగౌరవం" అని రాశారు. ఉపసంఘం తన బాధ్యత ముగిసినట్టు తీర్మానించుకుని, టీ తాగి వెళ్లిపోయింది.

శనివారం ఊళ్లో లేని నీలిమ ఆదివారం మధ్యాహ్నం వచ్చి యుటిలిటీ గది గుమ్మంలో నిలబడి కప్పు వైపు చూసింది. నేల వైపు చూసింది. రమణ బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒక కెగ్గు సగం ఖాళీ అయింది. సీసాలన్నీ నిమ్మకాయ వాసన వేస్తున్నాయి.

"నా కొత్తిమీర కుండీ ఎవరు తవ్వారు?" అంది.

రమణ జరిగిందంతా చెప్పాడు. కెగ్గులు రెండూ కారిపోయాయి, ఇక బీరు లేదని అధ్యక్షుడికి ఫోన్ చేసి చెప్పేద్దామనుకుంటున్నానని కూడా చెప్పాడు. తిట్లు పడతాయని ఎదురుచూశాడు. నీలిమ తిట్టలేదు. అబద్ధం చెప్పడం కన్నా ఆ బీరు నువ్వే తాగెయ్యొచ్చుగా, జెర్రీకి ఇవ్వడం అంత అవసరమా అని అడిగింది.

రమణ బక్కెట్టు మీంచి లేచాడు. "ఇన్నేళ్లుగా చేస్తున్నాను. తాగినవాళ్లంతా మనవాళ్లే. చల్లగా ఉంటే చాలు, ఏదిచ్చినా బాగుందంటారు. జెర్రీ అయితే పబ్బులో పుట్టి పెరిగాడు. బాగాలేకపోతే బాగాలేదని తెలుస్తుంది ఆయనకి. ఒక్కసారి అలాంటివాడు తాగితే చూడాలని ఉంది," అన్నాడు.

నీలిమ కొంగు బిగించలేదు, ఆమె జీన్స్‌లో ఉంది. కాని చొక్కా చేతులు పైకి మడిచింది. ఇద్దరూ కలిసి ఫిల్లర్ విప్పారు. వాషరు గాడిలో పసుపు గట్టిగా పేరుకుపోయి ఉంది. నీలిమ పాత టూత్‌బ్రష్ తెచ్చి దాన్ని గీకింది. గొట్టం లోపలికి ఎగబాకిన బంతిపువ్వు రేకును రమణ సన్న తీగతో బయటికి లాగాడు. సీసాల్లోంచి సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్లు పోస్తూనే ఉన్నారు. తర్వాత అన్నిటినీ శానిటైజరులో ముంచారు. ఇక కడక్కుండా అలాగే వదిలేయాలని, మళ్లీ నీళ్లు పోస్తే చేసిందంతా వృథా అని రమణ చెబితే, ఆమె ఎందుకని అడిగింది. అతను చెప్పాడు. పెళ్లయ్యాక ఈ బీరు తయారీ గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

మిగిలిన కెగ్గు నుంచి నింపారు. ముందు గ్యాసు, తర్వాత అడుగు నుంచి మెల్లగా బీరు, మూతి దగ్గర నురగ తేలగానే మూత. రమణ నింపుతుంటే నీలిమ మూతలు నొక్కింది. చివర్లో ఒక గుక్క రుచి చూసి ముఖం చిట్లించింది. "చేదుగా ఉంది," అంది. మళ్లీ ఇంకో గుక్క తాగింది. "కాని శుభ్రంగా ఉంది."

రమణకు ఆ మాట చాలా కాలం గుర్తుండిపోయింది.

స్నేహ దినోత్సవం చర్చి హాల్లో జరిగింది. సీసాలకు సాయికృష్ణ లేబుళ్లు వేయించాడు. ముందు వైపు చేతులు జోడించిన మధుసూదనరావుగారు, వెనక వైపు రబ్బరు తొడుగులతో మధుసూదనరావుగారు. జెర్రీ వచ్చాడు. పొడుగాటి మనిషి, ముతక స్వెటరు. వినాయకుడి ప్రార్థన, పిల్లల కూచిపూడి, అధ్యక్షుల తొలి పలుకులు అన్నీ ఓపిగ్గా చూసి గ్రాండ్ అన్నాడు. మధుసూదనరావుగారు సీసాను వెండి పళ్లెంలో పెట్టి సమర్పించారు. గాజు గ్లాసులో పోసిందీ ఆయనే. నురగ రెండు వేళ్ల మందాన లేచి, అలాగే నిలిచింది.

రమణ వెనక వరుసలో కుర్చీ అంచుకు జరిగాడు.

జెర్రీ ఒక గుక్క తాగాడు.  గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇంకోసారి తాగాడు. ఈసారి మాత్రం గ్రాండ్ అనలేదు.

"మా నాన్న పబ్బులో గొట్టాలు ఆయనే కడిగేవాడు, వేరేవాళ్లను ముట్టనిచ్చేవాడు కాదు. ఇది అలా ఉంది. ఎవరు చేశారు దీన్ని?" అని అడిగాడు.

"మేమందరం. సమష్టి కృషి," అన్నారు మధుసూదనరావుగారు. శుభ్రతా ఉపసంఘం అధ్యక్షురాలిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పించారు. గిరిజాకుమారిగారు తమ పర్యవేక్షణలోని కష్టాలను క్లుప్తంగా వివరించారు. నీలిమ పళ్లు కొరికింది. రమణ మాత్రం జెర్రీ చేతిలోని గ్లాసు వైపే చూస్తున్నాడు. జెర్రీ దాన్ని అడుగుదాకా తాగి, మిగిలింది కూడా పోసుకున్నాడు. రమణకు అంతకు మించి ఏమీ అక్కర్లేకపోయింది.

అప్పుడు మధుసూదనరావుగారు అసలు విషయానికి వచ్చారు. తెలుగు ప్రజలంతా ఒక్క మాట మీద ఉన్నారని, కౌన్సిలులో తమ గొంతు వినిపించాల్సిన సమయం వచ్చిందని, ఆ గొంతు ఎవరిదో చెప్పుకోవడం తన సంస్కారం కాదని అన్నారు. జెర్రీ తల ఊపాడు. తన చోట ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎవరు నిలబడినా తనకు సంతోషమేనని, పార్టీలో చెప్పి చూస్తానని అన్నాడు. లోకల్ ఎన్నికల్లో ఓటుకు ఈ దేశపు పాస్‌పోర్ట్ అక్కర్లేదని, ఇక్కడ కాపురముండి పేరు నమోదు చేయించుకుంటే చాలని గుర్తుచేశాడు.

"ఈ హాల్లో ఎంతమందికి ఓటుంది? ఒక్కసారి చేతులెత్తండి," అన్నాడు.

అందరికీ అర్థమైనా, మధుసూదనరావుగారు ఆ ప్రశ్నను మైకులో తెలుగులోకి అనువదించారు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన సాయికృష్ణ వైపు చూశారు. సాయికృష్ణ గిరిజాకుమారిగారి వైపు చూశాడు. ఆవిడ శాలువా సర్దుకున్నారు. రమణ చెయ్యి సగం లేచింది. నీలిమ మోచెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"మనం చేయించుకోలేదు," అంది గుసగుసగా.

"చేయించుకుందాం అనుకున్నాంగా."

"అనుకున్నాం."

అధ్యక్షుల చేయి కూడా లేవలేదు. ఒక చేతిలో మైకు, రెండో చేతిలో సీసా ఉండటమే అందుకు కారణమని సాయికృష్ణ తర్వాత ఒక ప్రకటనలో వివరించాడు.

హాలు చివర, భోజనాల బల్ల వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. ఆ చేతిలో గరిటె ఉంది. ఆవిడ పేరు ఫెబి. మలయాళీ, ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజుల్లో వంట ఆర్డర్లు తీసుకుంటుంది. ఆ సాయంత్రం తెలుగువారికి పరోటాలు తెచ్చింది.

జెర్రీ ఇంకో సీసా, తన గ్లాసు పట్టుకుని వేదిక దిగాడు. వరుసల మధ్యగా నడిచి వెళ్లి, చెయ్యెత్తిన ఆ ఒకే ఒక్క మనిషి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడకూ కొంచెం పోయబోయాడు.

"వద్దండీ, నాకు డ్యూటీ ఉంది," అంది ఫెబి. గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది. "ఇంతకీ ఎన్నికలెప్పుడు?"