కింది బ్యాగులు

పాలకొల్లు బియ్యం వ్యాపారి లోవరాజుకు వచ్చే నెల షష్టిపూర్తి. శుభలేఖ కోసం తీయించుకున్న ఫొటోలో ఆయన కన్నా ఆయన కళ్ళ కింది వాపులే, డాక్టర్లు ‘బ్యాగులు’ అంటారే అవే, ముందు కనబడ్డాయి. కీరదోస ముక్కలు పెట్టుకున్నాడు, క్రీములు రాశాడు. లేజరా, ఇంజెక్షనా, ఆపరేషనా అని తేల్చుకోలేక చివరికి రాజమహేంద్రవరంలోని ఒక ఆసుపత్రికి ఫొటోలు పంపాడు. భార్య శ్యామలాంబకు తెలిస్తే వీధంతా చెప్పి నవ్వుతుందని భయపడి ఆ నంబరును ఫోన్‌లో ‘మిల్లు’ అని రాసుకున్నాడు. ఆ పొద్దున్న మిల్లుకని చెప్పి పది గంటల బస్సెక్కాలని పథకం.

ముందుగా గడ్డం గీయించుకోవడానికి వెళ్తూ ఫోన్ కొట్లో మరిచిపోయాడు. అది మోగింది. గుమాస్తా వెంకన్న ‘మిల్లు’ అన్న పేరు చూసి ఎత్తాడు.

“లోవరాజు గారు పంపిన ఫొటోలు చూశారండి సారు. కింది బ్యాగులకి రెండువైపులా నీరు పట్టి ఉబ్బిపోయాయంట. పైపైన ఏం చేసినా లాభం లేదండి. కోసి, లోపలిది తీసెయ్యాలి,” అందొక అమ్మాయి.

వెంకన్న గుండె గుభేలుమంది. నిన్న దిగిన సరుకు! యజమాని వచ్చేలోగా చక్కబెట్టేద్దామని ముఠా కూలీలను పిలిచి అడుగు వరస బియ్యం బ్యాగులు లాగించాడు. పైవన్నీ వీధిలోకి దొర్లాయి.

“లోవరాజు గారి బియ్యం తడిసిపోయాయంటండీ!” అన్న మాట మార్కెట్టు దాటేసరికి “పురుగులు పట్టేశాయంట!” అయింది. పొద్దున్నే కొన్నవాళ్ళు బ్యాగులు నెత్తిన పెట్టుకుని వెనక్కి తెచ్చేశారు. శ్యామలాంబ కూడా పరుగున వచ్చింది.

సగం గడ్డంతో వచ్చిపడ్డ లోవరాజుకు, వెంకన్న ‘మిల్లు’ ఫోను మాట చెప్పగానే సంగతి అర్థమై ముచ్చెమటలు పోశాయి. గుట్టు విప్పితే పరువు పోతుంది, విప్పకపోతే ముప్పై ఏళ్ళ కొట్టు పోతుంది. పాపం, కొట్టునే ఎంచుకున్నాడు.

“బియ్యానికేం కాలేదండీ! నీరు పట్టింది ఇదిగో, నా కళ్ళ కింది బ్యాగులకి!”

వీధి వీధంతా పడీపడీ నవ్వింది. శ్యామలాంబ మాత్రం నవ్వలేదు.

“కోయించేసుకుంటారా? పెళ్ళిచూపుల్లో వీటిని చూసే కదండీ, పాపం నిద్ర మానుకుని కష్టపడే మనిషని ఒప్పుకున్నాను! ఇప్పుడు పీటల మీద నన్ను ఎవరి పక్కన కూర్చోమంటారు?”

లోవరాజుకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కళ్ళ కింద తడుముకున్నాడు.

వెంకన్న తల గోక్కుంటూ దగ్గరికొచ్చాడు. “అయితేనండీ, కింది బ్యాగులు ఉంచెయ్యమంటారా, తీసెయ్యమంటారా?”

“ఉంచెయ్యి,” అన్నాడు లోవరాజు, రెంటికీ కలిపి.