అక్కడికక్కడే తయారు

ఆ ఉదయం అల్లుడుగారు వేసుకున్న పథకం చాలా సులువైనది. పదింటికి ఊరి నీటి సరఫరా అధికారి వస్తాడు. అత్తగారి షెడ్డులో ఉన్న మిషన్ చూస్తాడు. చూసి ముచ్చటపడి, ఊరి నీళ్ల ట్యాంకుకు అలాంటిదే కావాలంటాడు. మధ్యాహ్నానికల్లా అల్లుడుగారు పెద్ద కంపెనీ యజమాని. ప్రస్తుతానికి కంపెనీ అంటే ఆయనా, ఆయన బావమరిదీ. ఒకరు మాట్లాడతారు, ఒకరు బోల్టులు బిగిస్తారు.

ఉప్పునీళ్లలోకి కరెంటు పంపితే, క్రిముల్ని చంపే క్లోరిన్ మందు అక్కడికక్కడే తయారై కింద తొట్టిలో పడుతుంది. మిషన్ చేసే పని అంతే. లారీలు అక్కర్లేదు, డబ్బాలు అక్కర్లేదు. ఈ ముక్క అల్లుడుగారు పెళ్లిళ్లలో చెప్పాడు. చావు పరామర్శకు వెళ్లినా చెప్పాడు.

"అల్లుడుగారూ, ఇవాళ తేలకపోతే రేపు షెడ్డు ఖాళీ చెయ్యండి" అంది అత్తగారు గుమ్మంలోంచి. "అద్దెకడిగేవాళ్లు చెప్పులరిగేలా తిరుగుతున్నారు."

"చూస్తూ ఉండండి అత్తయ్యా! చరిత్ర మీ షెడ్డులోనే మొదలవుతుంది."

"మొదలవనివ్వండి. ఆ ఫ్యాను మాత్రం ఆపండి, కరెంటు నాది."

పోయిన వారం మిషన్ ఒకసారి మొరాయించింది. బాగుచేశానని బావమరిది ఒట్టేశాడు. నమ్మానన్నాడు అల్లుడు. నమ్మినవాడు తిన్నగా బజారుకు పోయి, లారీల్లో వచ్చే ఆ క్లోరిన్ మందే ఒక డబ్బా కొని, బావమరిది టీ తాగుతుండగా సగం తొట్టిలో పోశాడు. బావమరిదికి తన చేతిపని సంగతి తెలుసు కాబట్టి, బావ చొక్కా మార్చుకోవడానికి వెళ్లగానే తను దాచి ఉంచిన డబ్బాలోంచి సగం పోశాడు. ఈ ఇద్దరి సంగతీ అత్తగారికి తెలుసు. ఆవిడకు షెడ్డు కావాలి గానీ, వీధి వీధంతా కొడుకునీ అల్లుణ్నీ చూసి నవ్వడం అక్కర్లేదు. తెల్లబట్టల మరకలు పోగొట్టే సీసా తెచ్చి, తన వంతు గుమ్మరించింది. కంపెనీని తామే కాపాడామని ముగ్గురూ ఎవరికి వాళ్లు మురిసిపోయారు.

అధికారి వచ్చాడు. లోపల అడుగుపెట్టగానే దగ్గాడు.

"ఇంత ఘాటేమిటండీ?"

"స్వచ్ఛత సార్. మొదట్లో అలాగే ఉంటుంది" అన్నాడు అల్లుడు కళ్లు తుడుచుకుంటూ.

అధికారి గ్లాసులో చెరువు నీళ్లు పట్టి, తొట్టిలోంచి చెంచాడు మందు కలిపి, తను తెచ్చుకున్న చుక్కల మందు వేశాడు. క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబీ రంగుకు తిరగాలి. తిరగలేదు.

"ఇందులో ఏమీ లేదే!"

"మిషన్ ఇంకా వేడెక్కలేదు సార్! మీరలా బయట గాలికి నిలబడండి."

అధికారి అటు తిరగగానే అల్లుడు బావమరిదిని ఉప్పుకు పంపించి, మిగతా సగం డబ్బా వంచేశాడు. అల్లుడు చేతులు కడుక్కునే లోపల బావమరిది వచ్చి తన సగం వంచేశాడు. మగవాళ్లిద్దరూ అధికారిని పిలుచుకురావడానికి వెళ్తే అత్తగారు సీసా అడుగు కూడా దులిపింది. మళ్లీ పరీక్ష. మళ్లీ తెల్లనీళ్లే.

"లేదండీ, నేను వెళ్తాను" అని అధికారి గుమ్మం వైపు కదిలాడు. అల్లుడు అడ్డం పడబోయి తొట్టిని తన్నాడు. మందు ఎగిరి అధికారి నల్ల ప్యాంటు మీద పడింది. చూస్తుండగానే ప్యాంటు మీద తెల్లటి పొడలు తేలాయి.

అధికారి ప్యాంటు వంకా, గ్లాసు వంకా చూశాడు. "ఏమీ లేని నీళ్లు నా ప్యాంటును తినేశాయా? మందు మరీ ఎక్కువైతే గులాబీ రంగును కూడా అదే తినేస్తుంది. నిజం చెప్పండి, తొట్టిలో ఏం పోశారు?"

"నేను ఒక్క డబ్బానే పోశాను బావా" అన్నాడు బావమరిది నేల చూపులు చూస్తూ.

"నువ్వూ పోశావా!"

"నువ్వూ ఏమిటి? అంటే నువ్వు..."

"ఇద్దరూ పోసి చచ్చారా?" అంది అత్తగారు. "అయితే నా సీసా దండగేగా!"

అధికారి తొట్టిని పక్కకు లాగించి, మిషన్ గొట్టంలోంచి పడుతున్న మందును శుభ్రమైన గ్లాసులో పట్టాడు. అందులోంచి ఒక్క చుక్కను చెరువు నీళ్లలో కలిపి పరీక్ష చేశాడు. నీళ్లు చక్కటి గులాబీ రంగుకు తిరిగాయి.

"అరె, పనిచేస్తోందే!" అన్నాడు బావమరిది, దాన్ని తయారుచేసినవాడు.

"మిషన్ నిక్షేపంలా ఉంది. తీసుకుంటాను" అన్నాడు అధికారి ప్యాంటు దులుపుకుంటూ. "మీరు ముగ్గురూ మాత్రం మా ట్యాంకు ఛాయలకు రాకూడదు. దీన్ని నమ్మి నడిపే మనిషిని ఒక్కణ్ని చూపించండి, ఆ రోజే సంతకం పెడతాను."

అలాంటి మనిషి దొరికేదాకా షెడ్డు ఉంచుకోమంది అత్తగారు. అల్లుడు మర్నాడే ప్రకటన ఇచ్చాడు. చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లందరూ ఒకే ప్రశ్న అడిగారు: "తయారుచేసినవాళ్లు మీరే కదండీ, మీరే ఎందుకు నడపడం లేదు?"

ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది.