వంటింటి గోడకు చిల్లు

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే చెన్నకేశవరావుకు ఒక జబ్బుంది. ఇంట్లో ఏది చెడినా తనే బాగుచెయ్యాలి. ఆయన చెయ్యి పడ్డాక అది ఇంకెవరి చేతికీ లొంగదు. వీధిలో వాళ్లు రిపేర్ల రావు అంటే, ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

ఆ ఆదివారం కొత్త డ్రిల్లింగ్ మిషన్ తెచ్చాడు. మిషన్ వచ్చాక దానికో పని చూపించాలి కదా! పోపుడబ్బాలకు వంటింట్లో షెల్ఫు బిగిస్తానన్నాడు.

“గోడలో పైపు ఎటు పోయిందో చూసుకున్నారా?” అంది భార్య నాగమల్లేశ్వరి, వంకాయలు తరుగుతూ.

“నేను కట్టించిన గోడ నాకు తెలీదా?”

“తెలిసే కదా పోయినేడు కరెంటు వైరు మీద మేకు కొట్టినారు! ఇల్లు కట్టేటప్పుడు పైపుల ఫోటోలు తీసిపెట్టినా. ఫోన్లో ఉన్నాయి, చూడండి.”

“ఫోటోలు చూసి చేసేది పెళ్లి సంబంధం. ఇది పని!”

“టేపన్నా పెట్టి కొలవండి.”

“నా కన్నే టేపు.”

“కళ్లద్దాలు పెట్టుకున్న టేపు,” అంటూ ఆమె ఇంకో వంకాయ అందుకుంది.

మిషన్ గర్రుమంది. ఆయన మురిసిపోయేలోపే గోడలోంచి నీళ్లు మొహాన కొట్టాయి.

అసలే ఎండాకాలం. నిన్న వచ్చిన ట్యాంకరు మళ్లీ వారానికి గాని రాదు. రేపు గిద్దలూరు నుంచి అత్తగారు సపరివారంగా దిగుతోంది. మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయితే ఆవిడ కాళ్లు కడుక్కోవడానికి అల్లుడి పరువు తప్ప ఇంకేమీ మిగలదు.

చిల్లులో బొటనవేలు దూర్చి అరిచాడు. “మల్లేశ్వరీ! మిద్దెక్కి వాల్వు కట్టెయ్!”

ఆమె ఆయన్నే చూస్తూ తాపీగా వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేసింది.

“ఏందట్ల చూస్తావ్? నీళ్లన్నీ పోతున్నాయే!”

కాసేపటికి ధార ఆగింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

“చూసినావా, ఒక్క వేలితో ఆపినా!”

“వేలు తియ్యండి.”

భయంభయంగా తీశాడు. ఒక్క చుక్క రాలేదు.

“మీరు మిషన్ డబ్బా విప్పుతుంటేనే బిందెలు నింపుకొని, వాల్వు కట్టేసి వచ్చినా. మీ మీద పడినవి పైపులో మిగిలిన నీళ్లు.”

ట్యాంకు దక్కిందన్న సంతోషం కంటే, పెళ్లానికి తన మీద ఇంత గట్టి నమ్మకం ఉందన్న బాధే ఆయనకు ఎక్కువైంది.

ఇంతలో వాకిట్లోంచి ప్లంబర్ ఉస్మాన్ కేకేశాడు. “అక్కా, పదకొండుకు రమ్మంటివి గదా! బావ గోడ పొడిచినాడా, ఇంకా కాసేపు కూర్చోవాల్నా?”

“పొడిచినాడు, రా తమ్ముడూ. పైపు అతికించి, ఆ షెల్ఫు కూడా నువ్వే బిగించి పో. మీ బావ స్టూలు పట్టుకుంటాడు.”

చెన్నకేశవరావు తల తుడుచుకుని, స్టూలు పట్టుకున్నాడు.