పసుపు స్టిక్కర్ అంటించిన పెట్టె

ఆ పొద్దున ఆమె వేసుకున్న పథకం చిన్నదే. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే లూసిఫరేజ్ జన్యువును తాను పెంచుతున్న కణాల్లోకి ఎక్కించింది. మధ్యాహ్నంలోగా వాటి మీద ఒక రసాయనం చుక్క వేయాలి. కణాలు మెరిస్తే సాయంత్రం కమిటీకి చూపించవచ్చు, పరిశోధన కొనసాగుతుంది. మెరవకపోతే ఇన్నేళ్ల చాకిరీ మట్టికొట్టుకుపోతుంది. ల్యాబులో అందరూ ఆమెను మిణుగురు అనే పిలుస్తారు.

ఆ రసాయనం ఇక ఒక్క గొట్టమే మిగిలింది. వెలుతురు తగిలితే పాడవుతుందని వెండి కాగితం చుట్టి, పెట్టెలో పెట్టి, ఫ్రీజర్లో దాచుకుంది. దాచుకుంటే ఏం లాభం? "ఒక్క చుక్కే తీసుకుంటానమ్మా" అంటూ సీనియర్ సగం ఖాళీ చేస్తాడు. ఒళ్లు మండి, కిందటి వారం పెట్టె మీద పసుపు రేడియేషన్ స్టిక్కర్ అంటించేసింది. రేడియోధార్మిక అమైనో ఆమ్లాలు దాచే పక్క గది బయట ఆ స్టిక్కర్ల చుట్ట వేలాడుతూనే ఉంటుంది. ఆ గుర్తు చూస్తే ఎవడైనా ఆమడ దూరం పోవలసిందే.

సీనియర్ పోలేదు. ఆ ఉదయం చుక్క కోసం చూసుకోకుండా పెట్టె పట్టుకున్నాడు, తర్వాత గుర్తు చూశాడు. మిణుగురు వచ్చేసరికి సింకు దగ్గర చేతులు తోముకుంటున్నాడు.

"నేను దాన్ని ముట్టుకోలేదు!"

"ముట్టుకోకపోతే చేతులెందుకు కడుక్కుంటున్నావయ్యా?"

"ముందుజాగ్రత్త!"

ఈలోగా భద్రతాధికారిణికి ఫోను కూడా చేసేశాడు మహానుభావుడు.

ఆవిడ ఈ ల్యాబు నడిపే ప్రొఫెసర్ గారి భార్యే, అందరికీ మేడమ్. ఇంట్లో ఎలా ఉంటుందో గాని, ల్యాబులో మాత్రం "ప్రొఫెసర్ గారూ" తప్ప మరో పిలుపు లేదు. వస్తూనే అందర్నీ వరండాలోకి తరిమింది, గుమ్మానికి అడ్డంగా టేపు కట్టింది, ఎవరూ వాడకూడదని ఫ్రీజర్ ప్లగ్గు పీకేసింది.

మిణుగురు గబగబా ప్రొఫెసర్ పక్కకు చేరింది. చల్లదనం పోతే రసాయనం పోయినట్టే. ప్రొఫెసర్ చెవిలో, "సార్, ఆ స్టిక్కర్ నేనే అంటించాను. చెప్పేస్తాను" అంది.

"చెప్తే నీ పరిశోధన ఇవాళే ఆపేస్తుంది. నోరెత్తకు. పెట్టె మాత్రం తెరవనివ్వకు" అన్నాడాయన. నుదుట చెమట కారిపోతోంది. తన కోసం ఇంతగా తల్లడిల్లే గురువు దొరికినందుకు ఆమె కళ్లు చెమర్చాయి.

మేడమ్ రేడియేషన్ కొలిచే యంత్రాన్ని పెట్టె దగ్గర పెట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పక్క గదిలోని అసలు సీసా దగ్గర పెడితే టకటకమంది.

"యంత్రం బాగానే ఉంది. పెట్టె తెరుస్తున్నాను."

"వద్దు!" ప్రొఫెసర్ అడ్డం పడ్డాడు. "కొన్ని రకాలు ఈ యంత్రానికి అందవు. నా మాట విను... అదే, వినండి!"

"అయితే మీ ల్యాబు నెల రోజులు సీలు చేస్తాను, ప్రొఫెసర్ గారూ."

నెల! మిణుగురుకి ఓపిక నశించింది. టేపు కింద నుంచి దూరింది.

"సీలూ లేదు, గీలూ లేదు! అది ఉత్తుత్తి స్టిక్కరండీ! అంటించింది నేనే! చుక్క, చుక్క అంటూ నన్ను దోచుకు తింటున్నారు, ఏం చెయ్యమంటారు?" అంటూ మూత లాగేసింది.

పెట్టె నిండా వెండి కాగితం చుట్టిన చాక్లెట్లు!

ల్యాబు ఫ్రీజర్లో తిండి పెట్టడమే నేరం. ఆపైన ప్రొఫెసర్ గారికి షుగరు. అసలు సీసాల గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి, బయట కనబడిన ఆ స్టిక్కర్ దొంగదని మొదటి రోజే పసిగట్టాడు. ఇంట్లో వెతికే మనిషి చెయ్యి పెట్టని చోటు లోకంలో ఇదొక్కటే అనుకుని, తన చాక్లెట్లు తెచ్చి అందులో దాచాడు.

"ఏమండీ" అంది మేడమ్.

ల్యాబులో ఆ పిలుపు వినబడటం అదే మొదటిసారి. వరండా కుళాయి దగ్గర సీనియర్ చేతులు కడుక్కోవడం ఆపేశాడు.

మిణుగురు చాక్లెట్లను గుప్పిళ్లతో తోడి పోసి, అడుగున ఉన్న తన గొట్టాన్ని పట్టుకుంది. ఇంకా చల్లగానే ఉంది. మేడమ్ ఆమె వంక చూడకుండానే, "స్టిక్కర్ సంగతి రేపు మాట్లాడదాం, ముందు నీ పని చూసుకో. ఈయన సంగతి ఇప్పుడే తేలాలి" అంది.

సాయంత్రానికి కణాలు మెరిశాయి. కమిటీ ముందు మెరవని ముఖం ప్రొఫెసర్ గారిదొక్కటే.

ఇప్పుడా ల్యాబులో పసుపు స్టిక్కర్ కనబడితే చాలు, అందరూ ముందుగా ఆ పెట్టే తెరుస్తున్నారు.