మూడో విరామానికి ముందస్తు అర్జీ

మానవ శరీరంలో క్రమశిక్షణ లేని అవయవం ఏదైనా ఉందంటే అది మూత్రపిండమేనని మంచినీటి ఫిర్యాదుల కేంద్రం తీర్మానించింది. రోజుకు సుమారు నూట ఎనభై లీటర్లు వడగట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, యూరియా, ఎక్కువైన ఉప్పు, మిగులు నీళ్ళు కలిపి ఏ లీటరున్నరో బయటికి తోసేస్తుందట. అదీ ఎవరి సంతకమూ లేకుండా! (కేంద్రంలో ఇలాంటి విచ్చలవిడితనం లేదు. అక్కడికి వచ్చిన ఫిర్యాదు ఎప్పటికీ అక్కడే ఉంటుంది.)

అందుకని సూపర్వైజర్ గారు విరామ యాప్ తెప్పించారు. షిఫ్టుకు రెండుసార్లు, సారికి ఆరు నిమిషాలు. లేచేటప్పుడు ‘బయల్దేరాను’, తలుపు దగ్గర ‘చేరాను’, ఆ తర్వాత ‘పూర్తయింది’ అని నొక్కాలి. మూడోసారి వెళ్ళాలంటే ఇరవై నాలుగు గంటల ముందు కారణంతో సహా అర్జీ పెట్టుకోవాలి. కారణం ‘మూత్రం’ అని రాస్తే ‘వివరాలు చాలవు’ అని తిరిగొచ్చేది.

పదిహేడో సీటావిడకు ఈ యాప్‌ను చూస్తే గుండె దడ. ఆవిడకు ఉన్నది ఒకటే కిడ్నీ. రెండోది ఆరేళ్ళ కిందట తమ్ముడికిచ్చింది. “ఉన్న ఒక్కదాన్నీ కళ్ళల్లో పెట్టుకుని చూసుకోవాలమ్మా,” అని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. “నీళ్ళు తగ్గితే లోపల ఉప్పులు గడ్డకట్టి రాళ్ళవుతాయి. రోజుకు మూడు లీటర్లు తాగాల్సిందే.”

మూడు లీటర్లు రెండు విరామాల్లో ఎలా పడతాయో అర్థంకాక ఆవిడ సూపర్వైజర్ గారి దగ్గరికి వెళ్ళింది.

“సార్, నాకు ఒకటే కిడ్నీ. మూడోసారికి పర్మిషన్ ఇప్పించండి.”

ఆయన మంచి మనిషే. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆలోచించాడు. “చూడమ్మా, అందరికీ రెండు కిడ్నీలు, రెండు విరామాలు. ఆ లెక్కన నీకు రావాల్సింది ఒకటే. రెండోది ఏదో మానవత్వంతో చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.”

ఆ రెండోదీ ఊడుతుందేమోనని ఆవిడ గబగబా సీటుకొచ్చి పడింది. ఆ రోజు నుంచి నీళ్ళు తాగడం తగ్గించింది. “నాలుగు రోజులుగా మా వీధికి చుక్క నీరు లేదు,” అని ఎవరో ఫోన్లో మొత్తుకుంటే, ఎండిపోయిన నాలుకతో, “మీ బాధ మాకు అర్థమైందండి,” అనేది. ఆ కేంద్రంలో ఆ మాట నిజంగా అన్నది ఆవిడొక్కతే.

మూడు నెలలు తిరిగేసరికి ఆవిడ విరామాలు రోజుకు ఒకటికి దిగాయి. యాప్ మెచ్చుకుంది. ఆవిడ ఫొటోను గోడకు తగిలించి, చప్పట్లు కొట్టి, సూపర్వైజర్ గారు బహుమతి చేతిలో పెట్టారు. అది రెండు లీటర్ల నీళ్ళ బాటిల్.

ఆ మర్నాడు నడుములో మొదలైన నొప్పికి ఆవిడ కుర్చీలోనే మెలికలు తిరిగిపోయింది. పొద్దుటి నుంచి చుక్క కూడా రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. (అంతదాకా దాన్ని ప్రగతి అనుకుంటోంది.) ఆస్పత్రిలో చూస్తే, ఉన్న ఒక్క కిడ్నీకీ రాయి అడ్డంపడింది. డాక్టరమ్మ చెడామడా తిట్టి, వీపులోంచి గొట్టం వేసి, మూత్రానికి సంచీలోకి దారి పెట్టింది. “ఇంకాస్త ఆలస్యమైతే ఇదీ పోయేది!”

సంచీలోకి బొట్టు బొట్టుగా దిగుతుంటే ఆవిడకు ఏడుపు ఆగలేదు. పక్కన తమ్ముడు తలొంచుకుని కూర్చున్నాడు. “నాకివ్వకపోయినా బావుండేదక్కా.”

“నోర్ముయ్. నువ్వు నీళ్ళు తాగావా?” అంది ఆవిడ.

అంతలో ఫోన్ మోగింది. సూపర్వైజర్ గారు. పరామర్శకు చేశాడనుకుని ఆవిడ మనసు చివుక్కుమంది, తనే ఆయన్ని అపార్థం చేసుకుందేమోనని. జరిగిందంతా చెప్పింది.

“అంటే, ఆ గొట్టం ఉన్నన్నాళ్ళూ నువ్వు బాత్రూమ్‌కి లేవక్కర్లేదా?”

“అక్కర్లేదు సార్.”

“కుర్చీలో కూర్చోవచ్చా?”

“కూర్చోవచ్చన్నారు సార్.”

 ఆయన ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

“మన హాల్లో నలభై మంది ఉన్నారు కదమ్మా. అందరికీ వేస్తారేమో డాక్టర్ని ఒక మాట కనుక్కో.”