డ్రమ్ము వెనక దిక్కు

ఆదివారం పొద్దున్నే కంట్రోలు దుకాణానికి తానే వెళ్తానని ఎల్లస్వామి అన్నప్పుడే శారదకు అనుమానం రావలసింది. తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన కిరోసిన్ డబ్బా ముట్టుకున్న పాపాన పోలేదు. అది 1979. మట్టెవాడలో మూడు వారాలుగా కిరోసిన్ చుక్క లేదు. స్టవ్వు మూలకు పడింది, శారద కట్టెల పొయ్యి ఊదుతోంది.

ఎల్లస్వామి కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు. వచ్చే శనివారం హైదరాబాద్ సెమినార్లో నేటి సంక్షోభాలను ఫినామినాలజీతో అర్థం చేసుకోవడం ఎలాగో పత్రం చదవాలి. ముందే తెలుసనుకున్నదంతా పక్కన పెట్టి, ఒక విషయం అనుభవించేవాళ్లకు ఎలా కనబడుతుందో అలాగే చూడటం ఆ శాస్త్రం పద్ధతి. అలాంటప్పుడు సంక్షోభాన్ని పుస్తకాల్లో వెతకడమెందుకని డబ్బా, నోట్‌బుక్కు పట్టుకుని బయలుదేరాడు.

లైను సందు మలుపు దాకా ఉంది. తన ముందున్న ముసలమ్మ మొగిలమ్మను అడిగాడు.

"అవ్వా, నీ చేతిల డబ్బా నీకెట్ల కనబడతాంది?"

"మంచిగనే కనబడతాంది బిడ్డా. దూరమున్నయే జర మసక."

ఆయన రాసుకున్నాడు. వెనకనున్న హుసేన్‌బీ అది చూసి, "కండ్ల డాక్టర్ సాబ్ వచ్చిండు!" అని కేకేసింది. ఐదు నిమిషాల్లో ఏడుగురు ముసలివాళ్లు వంతు వదిలేసి చుట్టూ మూగారు. ఒకాయన కింది రెప్ప లాగి చూపించాడు.

"నేను డాక్టర్‌ను కాదు. మీకేమనిపిస్తదో రాసుకపోను వచ్చిన."

"రాసుకపోయి ఏం జేస్తవ్?" అంది మొగిలమ్మ.

"హైదరాబాద్‌ల పెద్దోళ్ల ముంగట చదువుత."

"ఇన్‌స్పెక్టరే" అని మొగిలమ్మ తేల్చేసింది.

ఆ మాట డీలర్ కట్టయ్య దగ్గరికి చేరేసరికి ఎల్లస్వామికి కుర్చీ, గోలీసోడా వచ్చాయి.

"స్టాకు లేదు సార్. ఒక్కటే డ్రమ్ము, గదీ ఖాళీ. మీరే చూడుండ్రి."

ఎల్లస్వామి ముఖం వెలిగింది. తన శాస్త్రానికి ఇంత చక్కటి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు.

"చూడు కట్టయ్యా, మనకు కనబడేది డ్రమ్ము ముందటి దిక్కే. కనబడనంత మాత్రాన ఎనుక ఏం లేదంటమా? ఎనుక ఉన్నదని నీకు తెలుసు, నాకు తెలుసు."

కట్టయ్య సోడా బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు. "మీకెవరు చెప్పిండ్రు సార్?"

"ఒకలు చెప్పేదేంది? ముందట చూస్తెనే ఎనుకది తెలిసిపోతది."

"తప్పయింది సార్! గోడెనుక నాలుగే ఉన్నయి. పేరు మాత్రం రాయకుండ్రి!"

"నాలుగెందుకు? ఉదాహరణకు ఒక్కటి సాలు."

"వద్దు సార్, నాలుగూ తీస్త!"

నాలుగు డ్రమ్ములూ దొర్లుకుంటూ వచ్చాయి. జనం ఈలలేశారు. తాను ఇన్‌స్పెక్టర్‌ను కానని ఎల్లస్వామి ఎంత మొత్తుకున్నా, "సీక్రెట్ గద సార్, నాకు తెల్వదా" అంటూ కట్టయ్య ఆయన డబ్బా నిండుగా పోయించాడు. ఇంట్లో స్టవ్వు భగ్గున అంటుకుంది. శారద ఛాయ్ అందిస్తూ, "ఆ శాస్త్రం పేరేందో మళ్లొకసారి చెప్పుండ్రి" అంది.

శనివారం పత్రం సంచిలో పెట్టుకుని రైలుకు బయలుదేరితే గేటు ముందు ముప్పైమంది ఆడవాళ్లు, ముందు మొగిలమ్మ.

"అమ్మా, నేను ఇన్‌స్పెక్టర్‌ను కాదు, పంతులును!"

"మాకెరికే బిడ్డా, నిన్ననే తెలిసింది. ఫికర్ లేదు. చక్కెర దుకాణంల గూడ స్టాకు లేదంటాండ్రు. ఆడ గా ఎనుక దిక్కు ముచ్చటే ఒక్కసారి చెప్పు."

ఆయన సాయం కోసం శారద వైపు చూశాడు. ఆమె పత్రం లాక్కుని చేతిలో చక్కెరకు ఖాళీ సంచి పెట్టింది.

"రైలు రేపు గూడ ఉంటది. చక్కెర ఉండది."

ఆ రోజు హైదరాబాద్‌లో సంక్షోభాల గురించి పదకొండు పత్రాలు చదివారు. మట్టెవాడలో మనిషికి కిలో చొప్పున చక్కెర పోశారు.